39కీ 40కీ మధ్య

అందరికీ నమస్కారం. ఈరోజు ఒక్క లెక్క గురించే మాట్లాడతాను.

హంటింగ్టన్ అనేది మెదడును దెబ్బతీసే వంశపారంపర్య జబ్బు. అది ఉన్న ఇంట్లో తండ్రి కాళ్లూ చేతులూ వాటంతట అవే కదులుతుంటాయి. మనిషి స్వభావమే మారిపోతుంది. అతని పిల్లల్లో ఒక్కొక్కరికీ ఇది వచ్చే అవకాశం సగానికి సగం. పాతికేళ్ల కొడుకు, ఒంట్లో ఏ లక్షణమూ లేకుండానే, మన ల్యాబ్‌కి వచ్చి రక్తం ఇస్తాడు. జబ్బును ఆపే మందు ఇంకా లేదు. పెళ్లి చేసుకోవాలా, పిల్లల్ని కనాలా అన్నది అతను మనమిచ్చే అంకెను చూసి తేల్చుకుంటాడు.

నాలుగో క్రోమోజోమ్ మీద ఈ జన్యువు 1993లో దొరికింది. అందులో సీఏజీ అనే మూడక్షరాలు వరసగా ఎన్నిసార్లు వచ్చాయో చూడటమే పరీక్ష. 26 దాకా మామూలే. 27 నుంచి 35 అయితే తనకు రాదుగానీ, పిల్లల్లో ఆ వరస పెరగవచ్చు. 36 నుంచి 39 అయితే రావచ్చు, రాకపోవచ్చు. 40, ఆపైన అయితే వస్తుంది. సీఏజీ ఒకసారి రావడాన్ని ఒక రిపీట్ అంటాం. కొలతలో మనకు ఒప్పుకునే తేడా ఒక్క రిపీటే. ఆ ఒక్కటే 39ని 40 చేస్తుంది!

మనం రిపీట్లను నేరుగా లెక్కపెట్టం. పీసీఆర్ చేసి, అంటే ఆ డీఎన్ఏ ముక్కకు కోట్ల నకళ్లు తీసి, ముక్క పొడవు కొలిచి, దాన్నుంచి లెక్క తీస్తాం. చిక్కంతా అక్కడే. సీఏజీలతో నిండిన ముక్క మామూలు డీఎన్ఏ ముక్కలా నడవదు. అందుకే సీక్వెన్సింగ్‌తో, అంటే అక్షరాలను ఒక్కొక్కటిగా చదివి, రిపీట్లు తేల్చిన నమూనాలను ప్రతిసారీ పక్కన నడపాలి. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ ఇందుకోసమే రిఫరెన్స్ డీఎన్ఏ తయారు చేసింది. ఖర్చని దీన్ని మానేస్తున్నారంటే నాకు బాధగా ఉంటుంది.

ఇంకో సంగతి. సీఏజీల చివర సాధారణంగా ఒక సీఏఏ, దాని తర్వాత ఇంకో సీఏజీ ఉంటాయి. కొన్ని కుటుంబాల్లో ఆ సీఏఏ కూడా సీఏజీగా మారిపోయి ఉంటుంది. ముక్క పొడవు అంతే, కానీ తెగకుండా సాగే వరసలో రెండు ఎక్కువ. వీళ్లకు జబ్బు ఇంకా ముందే మొదలవుతుంది. పొడవు కొలిస్తే ఇది బయటపడదు, సీక్వెన్స్ చదవాల్సిందే.

నన్ను అన్నిటికంటే భయపెట్టేది ఒకే పీక్. పీక్ అంటే యంత్రం గీసే గీతలో ఒక్కో పొడవు ముక్క దగ్గర లేచే శిఖరం. జన్యువు ప్రతి తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి రావాలి కదా. రెండూ ఒకే పొడవైతే ఒకే పీక్ వస్తుంది, అది సహజం. కానీ చిన్నతనంలోనే మొదలయ్యే జబ్బులో రిపీట్లు చాలాసార్లు 60 దాటి ఉంటాయి. పీసీఆర్ పొట్టి ముక్కనే పెంచి, పొడుగుదాన్ని వదిలేయవచ్చు. అప్పుడు ఆ బిడ్డకు 'నార్మల్' అని రిపోర్టు వెళ్తుంది. దీన్ని పట్టేది ట్రిప్లెట్ ప్రైమ్డ్ పీసీఆర్ అనే పరీక్ష. అందులో ప్రైమర్, అంటే నకలు మొదలుపెట్టే చిన్న డీఎన్ఏ తునక, రిపీట్ల మధ్యలోనే అతుక్కుంటుంది. పొడుగు వరస ఉంటే మెట్లు మెట్లుగా పీక్‌లు కనబడతాయి.

ఒకే పీక్ వచ్చిన రోజు, ఎవరెంత తొందరపెట్టినా, ఈ పరీక్ష అయ్యేదాకా రిపోర్టు మీద సంతకం పెట్టకండి.