ఎఫ్‌ఎంజీఈ కోసం మౌలిక వైద్యశాస్త్రాల పునశ్చరణ: కారణాన్ని పట్టుకుని చదవడం

సభకు నమస్కారం. ఫిలిప్పీన్స్, రష్యా, జార్జియా, కిర్గిజ్‌స్థాన్ వంటి దేశాల్లో వైద్యవిద్య పూర్తిచేసుకుని, ఇక్కడ ప్రాక్టీసుకు అర్హత సంపాదించడానికి విదేశీ వైద్య పట్టభద్రుల పరీక్ష ఎఫ్‌ఎంజీఈకి సిద్ధమవుతున్న మీకూ, మీ వెంట వచ్చిన తల్లిదండ్రులకూ నా శుభాకాంక్షలు. అనాటమీ మొదలు ఫోరెన్సిక్ మెడిసిన్ వరకూ ఉన్న ఏడు మౌలిక సబ్జెక్టులను పరీక్షకు ముందు తిరిగి ఎలా చదువుకోవాలన్నదే ఈరోజు నేను మాట్లాడదలచిన విషయం.

2002 నుంచి జరుగుతున్న ఈ పరీక్ష స్వరూపం మీకు తెలిసిందే. ఒకే రోజు రెండు భాగాలుగా 300 ప్రశ్నలు ఇస్తారు. ఉత్తీర్ణతకు 150 మార్కులు రావాలి. తప్పు జవాబుకు మార్కుల కోత లేదు. అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీలకు 17 చొప్పున, పాథాలజీ, మైక్రోబయాలజీ, ఫార్మకాలజీలకు 13 చొప్పున, ఫోరెన్సిక్ మెడిసిన్‌కు 10, వెరసి 100 మార్కులు మౌలిక శాస్త్రాలవి. మూడో వంతే కదా అని వీటిని చివరికి వదిలేసేవారు కొందరు, ఏడింటినీ ఏడు వేర్వేరు జాబితాలుగా బట్టీ పట్టేవారు మరికొందరు. ఈ రెండు పద్ధతులూ విద్యార్థికి అన్యాయమే చేస్తాయని నేను గట్టిగా నమ్ముతున్నాను. మిగిలిన 200 క్లినికల్ మార్కుల్లో గణనీయమైన భాగం ఈ 100 మార్కుల విషయం మీదే నిలబడి ఉంటుంది. విడివిడిగా బట్టీ పట్టిన వాక్యాలు ప్రశ్న కొంచెం తిరగేసి అడిగేసరికి చేజారిపోతాయి.

మన పత్తి జిల్లాల్లోని ఏ ప్రభుత్వాసుపత్రి క్యాజువాల్టీకైనా తరచుగా వచ్చే కేసు ఒకటి తీసుకుందాం. మోనోక్రోటోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫరస్ పురుగుమందు తాగిన మనిషిని తెచ్చారు. కంటిపాపలు సూదిమొనలా కుంచించుకుపోయాయి, నోటి నుంచి చొంగ కారుతోంది, ఒళ్లంతా చెమట, ఊపిరితిత్తుల్లో గురగుర శబ్దం, నాడి మందగించింది, కండరాలు అక్కడక్కడా అదురుతున్నాయి. ఈ లక్షణాలను ఇంగ్లీషు అక్షరాల సంక్షిప్త పదంగా కంఠస్థం చేయడం మీకు ఇదివరకే అలవాటు. దాన్ని పక్కనపెట్టి, ఒకే ఒక్క అణువు దగ్గర మొదలుపెట్టండి. నరాల చివర విడుదలయ్యే అసిటైల్‌కోలిన్‌ను ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము క్షణాల్లో విడగొట్టాలి. ఆ ఎంజైము క్రియాస్థానంలోని సెరీన్‌కు పురుగుమందులోని ఫాస్ఫేటు అంటుకోవడంతో దాని పని ఆగిపోతుంది, అసిటైల్‌కోలిన్ పేరుకుపోతుంది. ఇది బయోకెమిస్ట్రీ. పేరుకున్నది మస్కరినిక్ గ్రాహకాల మీద పనిచేసిన చోట చొంగ, కన్నీరు, శ్వాసనాళాల్లో స్రావాలు, మందగించిన నాడి కనిపిస్తాయి. నికోటినిక్ గ్రాహకాల మీద పనిచేసిన చోట కండరాలు అదిరి, ఆ తర్వాత చచ్చుబడతాయి. ఇది ఫిజియాలజీ. స్వేదగ్రంథులకు వెళ్లేవి సింపథెటిక్ నరాలే అయినా వాటి చివర విడుదలయ్యేది అసిటైల్‌కోలినే కాబట్టి చెమట కూడా ఈ వరుసలోనే చేరుతుంది. పరీక్షకులకు ఇష్టమైన ఈ చిన్న మెలికను కారణం తెలిసినవారు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

ఇప్పుడు చికిత్స చూడండి. అట్రోపిన్ మస్కరినిక్ గ్రాహకాలను మాత్రమే అడ్డుకుంటుంది. అందువల్ల స్రావాలు ఆరతాయి, నాడి పెరుగుతుంది, కానీ చచ్చుబడిన శ్వాసకండరాలు దానితో కోలుకోవు. మోతాదు చాలిందని తేల్చుకోవడానికి కంటిపాపనొక్కదాన్నే నమ్మకుండా, ఊపిరితిత్తుల్లో తడి ఆరిందా, నాడి నిలకడగా పెరిగిందా అని చూడమనడం కూడా ఇందుకే; మనిషి ప్రాణం పోయేది తడిసిన ఊపిరితిత్తుల వల్ల, ఆగిపోయిన శ్వాస వల్ల. ప్రాలిడాక్సిమ్ ఆ ఫాస్ఫేటును సెరీన్ నుంచి ఊడదీయడానికి ఉద్దేశించిన మందు. ఆలస్యమైతే ఆ బంధం గట్టిపడిపోతుంది, దాన్నే ఏజింగ్ అంటారు, ఆ తర్వాత మందు ఇచ్చినా ఎంజైము తిరిగి రాదు. కార్బమేట్ పురుగుమందుల్లో ఎంజైము తనంతట తానే కొన్ని గంటల్లో విడివడుతుంది గనుక ప్రాలిడాక్సిమ్ అవసరం సాధారణంగా రాదు. ఒకటి రెండు రోజులు గడిచి రోగి తేరుకున్నాడనుకుంటున్న సమయంలో మెడ ఎత్తలేకపోతే, కండరాలు ఆలస్యంగా చచ్చుబడే ఇంటర్మీడియట్ సిండ్రోమ్‌ను అనుమానించాలి, శ్వాసను కనిపెట్టుకుని ఉండాలి. అలాంటి రోగికి కండరాలను సడలించే సక్సినైల్‌కోలిన్ ఇస్తే దాని ప్రభావం ఎక్కువసేపు నిలుస్తుంది, ఎందుకంటే దాన్ని విడగొట్టే ప్లాస్మా కోలినెస్టరేజ్ కూడా దెబ్బతిని ఉంటుంది. ఒక్క ఎంజైము వెంట నడిస్తే బయోకెమిస్ట్రీ, ఫిజియాలజీ, ఫార్మకాలజీ, ఫోరెన్సిక్ మెడిసిన్, మెడిసిన్, అనస్థీషియా వరకూ వచ్చేశాం. ఇలాంటి దారులను మీరు స్వయంగా గీసుకోవాలని నా కోరిక.

రెండో ఉదాహరణకు మన భీమవరంలో 1895లో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలుచుకోవడం నాకెంతో సంతోషం. కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల మీద తోటి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి ఆయన చేసిన పనిని మీరు బయోకెమిస్ట్రీలో చదువుతారు. బోదకాలుకు ఇచ్చే డైఇథైల్‌కార్బమజీన్ ఆయన నాయకత్వంలోని పరిశోధక బృందం నుంచి వచ్చింది. ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసిందీ, ఆ నిర్మాణాన్నే కొద్దిగా మార్చి ఫోలేట్‌కు ఎదురునిలిచే మందులు తయారు చేసిందీ ఆ బృందమే. క్యాన్సర్‌కు వాడే మెథోట్రెక్సేట్ ఆ కుటుంబానిదే. ఫోలేట్‌ను పనికొచ్చే రూపంలోకి మార్చే డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ ఎంజైమును అది ఆపుతుందని తెలిస్తే, దాని విషప్రభావానికి విరుగుడుగా ఫోలిక్ ఆమ్లానికి బదులు ల్యూకోవోరిన్ ఎందుకిస్తారో వెంటనే తడుతుంది: ల్యూకోవోరిన్‌కు ఆగిపోయిన ఆ మెట్టు అవసరం లేదు. బీ12 లోపంలో ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇస్తే రక్తహీనత తగ్గినట్టు కనిపిస్తుంది, వెన్నుపాము మాత్రం దెబ్బతింటూనే ఉంటుంది. బీ12 రెండు చర్యలకు కావాలి, ఫోలేట్ పంచుకునేది అందులో ఒక్కదాన్నే. అందుకే హోమోసిస్టీన్ రెండు లోపాల్లోనూ పెరుగుతుంది, మిథైల్‌మెలోనిక్ ఆమ్లం బీ12 లోపంలోనే పెరుగుతుంది.

అన్నింటికీ కారణం దొరకదు. పిండం మెడ భాగంలో ఏర్పడే ఫారింజియల్ ఆర్చ్‌లలో మొదటిదానికి ట్రైజెమినల్ నరం, రెండోదానికి ఫేషియల్, మూడోదానికి గ్లాసోఫారింజియల్, నాలుగు, ఆరింటికి వేగస్ శాఖలు. బొడ్డు దగ్గర చర్మానికి టీ10 వెన్ను నరం. వీటిని ఎక్కాల్లా వల్లె వేయవలసిందే. అయితే ఆ జాబితా ఒక్క చిన్న నోట్‌బుక్కుకు మించకూడదు, రోజూ చూడాలి. నేర్చింది ఎంత త్వరగా చెదిరిపోతుందో జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎబింగ్‌హాస్ 1885లోనే కొలిచి చూపాడు. ఒకే రోజు ఆరుగంటలు కూర్చునేకంటే మధ్య మధ్య విరామమిచ్చి చూడటమే మేలు. చూడటమంటే పుస్తకం మూసి, తెల్లకాగితం మీద ముందు మీరు రాసి, ఆ తర్వాత పుస్తకంతో సరిచూసుకోవడం. రంగు పెన్నుతో గీతలు గీస్తూ మళ్లీ మళ్లీ చదివితే పేజీ పరిచయమైనట్టు అనిపిస్తుంది, జవాబు మాత్రం రాదు.

ప్రశ్నలు సాధన చేసేటప్పుడు సరైన జవాబు పెట్టగానే తర్వాతిదానికి పరుగెత్తకండి. ఒక ప్రశ్న ఇలా ఉందనుకోండి: జొన్న ముఖ్యాహారంగా తినే వ్యక్తికి ఎండ తగిలే చోట్ల, మెడ చుట్టూ చర్మం నల్లబడి పొట్టు లేస్తోంది, విరేచనాలు, మతిమరుపు ఉన్నాయి, ఏ విటమిన్ లోపం? ఎంపికలు థయమిన్, రైబోఫ్లావిన్, నియాసిన్, పిరిడాక్సిన్. జవాబు నియాసిన్, జొన్నలోని ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఆధిక్యానికీ, నియాసిన్ లోపంతో వచ్చే ఈ పెలాగ్రా వ్యాధికీ సంబంధం ఉందని 1960లో ప్రతిపాదించినవారు హైదరాబాదు పోషకాహార పరిశోధకులు గోపాలన్, శ్రీకంఠయ్యలే. ఇక మిగతా మూడు ఎంపికలనూ అడగండి. థయమిన్ అయితే పైరువేట్ డీహైడ్రోజినేజ్ కుంటుపడేది, థయమిన్ లోపంతో మెదడు దెబ్బతిన్న వెర్నికే రోగి గుర్తుకు రావాలి, గ్లూకోజుకు ముందే థయమిన్ ఇవ్వాలన్న సంగతి గుర్తుకు రావాలి. రైబోఫ్లావిన్ అయితే నోటి మూలల పగుళ్లు. పిరిడాక్సిన్ దగ్గర కాసేపు ఆగండి: శరీరం ట్రిప్టోఫాన్ నుంచి నియాసిన్ తయారు చేసుకోవడానికి అదే కావాలి, సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్‌కు ఒక మిల్లీగ్రాము నియాసిన్ వస్తుంది. అందుకే క్షయకు ఐసోనియజిడ్ వాడుతున్న రోగికి పిరిడాక్సిన్ తగ్గి, కాళ్ల తిమ్మిర్లతో పాటు అరుదుగా పెలాగ్రా కూడా రావచ్చు. ట్రిప్టోఫాన్ అంతా సెరొటోనిన్‌కే ఖర్చయ్యే కార్సినాయిడ్ కణితిలోనూ, పేగులో, మూత్రపిండంలో దాని శోషణ దెబ్బతినే హార్ట్‌నప్ వ్యాధిలోనూ అదే చర్మం, అవే మచ్చలు కనిపిస్తాయి. ఒక్కో ప్రశ్నకు ఈ మాత్రం సమయం ఇస్తే రోజుకు 40 ప్రశ్నలకు మించి సాగవు, అంతకు మించి చేయమని నేను చెప్పను.