పొగ తేలిపోయాక గాలిలో ఏం జరుగుతుంది?

నమస్కారం. అడవి తగలబడితే మన కంటికి ఆనేది పొగ. ఆ పొగ రేణువులు మామూలుగా వారం, పది రోజుల్లో వానతో పాటు నేలకు దిగిపోతాయి. ఈ వీడియో ఆ తర్వాత కూడా గాలిలో మిగిలిపోయే వాయువుల గురించి.

ముందు మంటనే చూద్దాం. స్క్రీన్ మీద ఎడమవైపు ఎండుగడ్డి భగభగా మండుతోంది. గాలి బాగా తగులుతోంది కాబట్టి కార్బన్ దాదాపు అంతా కార్బన్ డయాక్సైడ్ అయిపోతుంది. నైట్రోజన్ ఆక్సైడ్లు కూడా వస్తాయి. ఇప్పుడు కుడివైపు చూడండి. మంట పైకి లేవకుండా లోలోపల కుములుతోంది. ఆక్సిజన్ చాలదు, అందుకే కార్బన్ మోనాక్సైడ్, మీథేన్ ఎక్కువగా పుడతాయి. 2015లో ఇండోనేషియాలో పీట్ నేలలు నెలల తరబడి ఇలాగే కుమిలాయి. పీట్ అంటే వేల ఏళ్లుగా నీటిలో పూర్తిగా కుళ్లకుండా పేరుకున్న మొక్కల పదార్థం. దాన్ని ఎండబెట్టింది ఎల్ నినో కరువు ఒక్కటే కాదు, తోటల కోసం మనుషులు తవ్విన కాలువలు కూడా.

ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం, ఎందుకంటే మిగతాదంతా దీని మీదే ఆధారపడి ఉంది. హైడ్రాక్సిల్ రాడికల్. ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్, అంతే. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఓజోన్‌ను విడగొడతాయి. అలా విడిపోయిన ఆక్సిజన్ పరమాణువు నీటి ఆవిరిని తాకితే హైడ్రాక్సిల్ పుడుతుంది. అది సెకను కూడా నిలవదు. అయినా గాలిని కడిగేది అదే. మీథేన్‌, కార్బన్ మోనాక్సైడ్‌ రెండూ గాలిలోంచి పోవడానికి ప్రధాన దారి అదే.

ఇప్పుడు మంట దగ్గరికి తిరిగి వద్దాం. కార్బన్ మోనాక్సైడ్ ఒక్కసారిగా పెరిగితే హైడ్రాక్సిల్ దాని మీదే ఖర్చయిపోతుంది. మీథేన్‌కి మిగిలేది తగ్గుతుంది. అంటే ఎక్కడో తగలబడిన అడవి, ఇంకెక్కడో పశువుల నుంచో గ్యాస్ పైపుల నుంచో వచ్చిన మీథేన్ ఆయుష్షు పెంచుతోంది! నాకు ఈ విషయంలో అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే. కార్బన్ మోనాక్సైడ్ ఒకటి రెండు నెలలు ఉంటుంది, సముద్రాలు దాటడానికి ఆ సమయం చాలు.

నైట్రోజన్ ఆక్సైడ్లు అలా కాదు, గంటల్లోనే పోతాయి. కానీ పొగలో వాటిలో కొంత భాగం ప్యాన్ అనే పదార్థంగా మారుతుంది. పైన చలిలో ప్యాన్ చెక్కుచెదరదు. వేల కిలోమీటర్లు వెళ్లి, వెచ్చని గాలిలోకి దిగాక విడిపోయి మళ్లీ నైట్రోజన్ ఆక్సైడ్లను వదులుతుంది. ఎండ తోడైతే అక్కడ ఓజోన్ తయారవుతుంది. మంట వాసనే లేని సముద్రం మీద కూడా.

వాహనాలు, విద్యుత్ కేంద్రాలు వదిలేవి కూడా నైట్రోజన్ ఆక్సైడ్లే. నేల దగ్గర వాటివల్ల పుట్టే ఓజోన్ ఊపిరితిత్తులకూ పంటలకూ చేటు. అయితే అవే హైడ్రాక్సిల్ పుట్టడానికీ తోడ్పడతాయి. 2020 లాక్‌డౌన్లలో అవి తగ్గాయి, హైడ్రాక్సిల్ కూడా కొంచెం తగ్గింది. ఆ ఏడాది గాలిలో మీథేన్ వంద కోట్లకు సుమారు 15 పాళ్లు పెరిగింది. 1983లో క్రమబద్ధమైన కొలతలు మొదలయ్యాక అప్పటిదాకా ఒక్క ఏడాదిలో అంత పెరుగుదల లేదు. తడినేలల నుంచి ఎక్కువ మీథేన్ రావడం ఒక కారణమైతే, హైడ్రాక్సిల్ తగ్గడం మరో కారణం. కాబట్టి నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించేటప్పుడు మీథేన్‌నూ కార్బన్ మోనాక్సైడ్‌నూ కలిపే తగ్గించాలి.

ఇది మీరే చూడొచ్చు. యూరప్‌కి చెందిన కోపర్నికస్ వాతావరణ పర్యవేక్షణ సేవ కార్బన్ మోనాక్సైడ్ అంచనా మ్యాపులను రోజూ ఉచితంగా ఇస్తుంది. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో దక్షిణ అమెరికాలో, ఆఫ్రికా ఖండపు దక్షిణ భాగాల్లో మంటల కాలం ఉంటుంది. అప్పుడు మ్యాపు తెరిచి, ముందు నేల దగ్గరిది, తర్వాత పై ఎత్తులది పక్కపక్కన పెట్టి చూడండి. మంటల చోటు నుంచి అట్లాంటిక్ మీదికి రంగు ఎటు సాగుతోందో రోజువారీగా జరుపుతూ గమనించండి.