ఒక్క మ్యాచ్ కూడా ఓడని జట్టుని ఎలా పక్కన పెడతారు? | ఫ్లోరిడా స్టేట్ 2023 రివ్యూ

హాయ్ ఫ్రెండ్స్, ఈ వీడియోలో 2023 అమెరికన్ కాలేజ్ ఫుట్‌బాల్ సీజన్ గురించి, అందులోనూ నాకు ఇప్పటికీ మింగుడుపడని ఒక నిర్ణయం గురించి మాట్లాడదాం. ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ జట్టు 13 మ్యాచ్‌లు ఆడి 13 గెలిచింది, ఏసీసీ అనే కాన్ఫరెన్స్‌లో (అంటే కొన్ని కాలేజీ జట్లు కలిసి ఆడే లీగ్‌లో) ఛాంపియన్ కూడా అయింది. అయినా డిసెంబర్ 3న ప్లేఆఫ్‌కి (టైటిల్ కోసం ఆడే నాకౌట్ మ్యాచ్‌లకి) సెలక్షన్ కమిటీ తీసుకున్న నాలుగు జట్లు మిషిగన్, వాషింగ్టన్, టెక్సస్, అలబామా. చివరి రెండూ ఒక్కో మ్యాచ్ ఓడినవే!

ఫ్లోరిడా స్టేట్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఎటాక్‌ని నడిపే ఆటగాడు) జోర్డన్ ట్రావిస్‌కి నవంబర్‌లో కాలు విరిగింది కాబట్టి ఇది ఇంతకుముందున్న జట్టు కాదంది కమిటీ. నిజమే, ఎటాక్ బాగా తగ్గింది. కానీ అతను లేకుండానే ఫ్లోరిడా యూనివర్సిటీ అనే వేరే జట్టుని 24-15తో ఓడించారు, ఆ తర్వాత కాన్ఫరెన్స్ ఫైనల్లో ఫస్ట్ ఇయర్ కుర్రాడు, జట్టులో మూడో క్వార్టర్‌బ్యాక్ అయిన బ్రాక్ గ్లెన్‌ని దింపి మరీ లూయీవిల్‌ని 16-6తో కొట్టారు. డిఫెన్స్ గెలిపించింది. డిఫెన్స్ గెలిపిస్తే అది గెలుపు కాదా?

ప్లేఆఫ్ బయట, సీజన్ చివర ఆడిన ఆరెంజ్ బౌల్ మ్యాచ్‌లో జార్జియా చేతిలో 63-3తో చిత్తయ్యారుగా, కమిటీ కరెక్టే అంటారు చాలామంది. అప్పటికే టైటిల్ ఆశ పోయింది, మెయిన్ ప్లేయర్లలో చాలామంది ఆ మ్యాచ్ ఆడనేలేదు, ఇక దాన్ని సాక్ష్యంగా ఎలా చూపిస్తారండీ?

అలాగని ఓడని ప్రతి జట్టునీ కళ్లు మూసుకుని తీసుకోమనను. అదే ఏడాది లిబర్టీ కూడా 13-0, కానీ ఆడిందంతా బలహీనమైన జట్లతో, ఫియెస్టా బౌల్‌లో ఆరెగాన్ 45-6తో ఓడించింది. ఎవరితో ఆడారన్నది చూడాల్సిందే. ఫ్లోరిడా స్టేట్ సీజన్ మొదట్లోనే ఎల్ఎస్‌యూ లాంటి జట్టుని 45-24తో ఓడించింది మరి.

చిన్న కాన్ఫరెన్స్ అని తీసిపారేయడానికీ లేదు, 2017లో యూసీఎఫ్‌నే (సెంట్రల్ ఫ్లోరిడా యూనివర్సిటీ) చూడండి. పీచ్ బౌల్‌లో ఆబర్న్‌ని 34-27తో కొట్టి 13-0తో సీజన్ ముగించింది. ఆ సీజన్లోనే ఆ ఆబర్న్ అలబామానీ, జార్జియానీ ఓడించింది, టైటిల్ ఫైనల్ ఆడింది ఆ రెండే! యూసీఎఫ్‌కి మాత్రం అవకాశమే ఇవ్వలేదు.

2024 నుంచి ప్లేఆఫ్‌కి 12 జట్లు వచ్చాయి, మొదటి ఏడాదే రెండు మ్యాచ్‌లు ఓడిన ఒహాయో స్టేట్ కప్పు కొట్టింది. మంచి మార్పే, నాకు నచ్చింది. ట్రావిస్ టీమ్‌కి మాత్రం అది ఒక్క ఏడాది ఆలస్యంగా వచ్చింది. 2023 కమిటీకి నా రేటింగ్ 5కి 1. మీరైతే ఆ నాలుగింట్లో ఎవరిని తీసేసేవాళ్లు? నేనైతే అలబామాని.