డోర్‌మ్యాట్లు అటకెక్కించండి: కుక్కపిల్ల, పాస్ గోల

హోస్ట్: అందరికీ నమస్తే. ఈసారి మీ మెసేజ్‌ల నిండా ఒకటే గోల, కొత్తగా తెచ్చుకున్న కుక్కపిల్ల సోఫా కింద, పూజగది ముందు, ఎక్కడపడితే అక్కడ పాస్ పోసేస్తోందని. అందుకే హైదరాబాద్‌లో ప్రాక్టీస్ చేస్తున్న వెటర్నరీ డాక్టర్ మేడమ్‌ని కూర్చోబెట్టాం. మేడమ్, ముక్కు పట్టుకుని అందులో రుద్దితే బుద్ధొస్తుందంటారు, నిజమేనా?

డాక్టర్: అయ్యో, ఆ పని మాత్రం వద్దండీ. ఎప్పుడో పోసినదానికి ఇప్పుడు తిడితే దానికేం అర్థం కాదు, మీరంటే భయం మాత్రం పట్టుకుంటుంది. ఇక మీ కళ్ల ముందు పోయదు, బయట ఎంతసేపు తిప్పినా బిగబట్టుకుని ఇంటికొచ్చి మంచం కిందకి దూరి పోస్తుంది.

హోస్ట్: మా కజిన్ వాళ్లింట్లో అచ్చం ఇదే! కింద అంతసేపు తిప్పి తెస్తారా, గుమ్మంలో అడుగు పెట్టగానే డోర్‌మ్యాట్ మీద కానిచ్చేస్తుంది.

డాక్టర్: అక్కడే ఉంది అసలు సంగతి. పాస్‌కి కూర్చునేటప్పుడు పాదాలకి ఏం తగిలితే అలవాటో దాన్నే వెతుక్కుంటుంది, ఈ ఇష్టం రెండు నెలల వయసుకే చాలావరకు వచ్చేస్తుంది. పేపర్ల మీద పెరిగినదానికి పేపరే కావాలి, మెత్తటి మ్యాట్ రుచి మరిగితే ఇక మ్యాటే. ముందు మ్యాట్లు, కార్పెట్లు చుట్టి అటక మీద పడేయండి.

హోస్ట్: మరి ఐదో అంతస్తులో ఉన్నవాళ్లు? కిందకి దించితే పార్వో, అదే కుక్కపిల్లల ప్రాణం మీదకి తెచ్చే వాంతులు, విరేచనాల జబ్బు, వస్తుందేమోనని టెన్షన్.

డాక్టర్: ఆ టెన్షన్ ఉండాల్సిందే, పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. టీకాలు 6-8 వారాలకి మొదలుపెడితే 16 వారాలు నిండేదాకా సాగుతాయి, అప్పటిదాకా వీధికుక్కలు తిరిగే చోట దించొద్దు. అలాగని ట్రైనింగ్ ఆపక్కర్లేదు. బాల్కనీలో ఒక ట్రే పెట్టి, శుభ్రమైన మట్టి, పైన గడ్డి ముక్క వేయండి. రేపు కిందకెళ్లినా పాదాలకి తగిలేది అదే కదా.

హోస్ట్: ఎప్పుడెప్పుడు తీసుకెళ్లాలి?

డాక్టర్: నిద్ర లేవగానే, ఆట ఆపగానే, తిన్నాక ఒక 15-30 నిమిషాల్లోపు. రెండు నెలల పిల్ల పగలు రెండు మూడు గంటలకి మించి ఆపుకోలేదు. నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరుగుతోందంటే ఇక టైం లేదు, ఎత్తుకుని పరిగెత్తండి. అవును, తర్వాత కిందకి వెళ్లడం మొదలుపెట్టాక లిఫ్ట్‌లో కూడా ఎత్తుకునే ఉండండి, నడిపిస్తే లిఫ్ట్‌లోనే పోస్తుంది, ఆపైన అసోసియేషన్ వాట్సాప్ గ్రూప్‌లో మీ పేరు మోగిపోతుంది. పోయడం అయిన వెంటనే, అక్కడే, చిన్న చికెన్ ముక్క పెట్టండి. ఇంట్లోకొచ్చాక పెడితే ఇంట్లోకి వచ్చినందుకు పెట్టారనుకుంటుంది.

హోస్ట్: ఇంట్లో పోస్తే ఫినాయిల్ కొట్టేస్తే సరిపోతుందా?

డాక్టర్: నల్ల ఫినాయిల్ అసలొద్దు, పాదాలకంటినది నాకితే విషమే. అమ్మోనియా ఉన్న క్లీనర్లూ వద్దు, అది పాస్ వాసనలాగే ఉంటుంది, ఆ వాసనకి మళ్లీ అక్కడికే వస్తుంది. పాస్ వాసనని పూర్తిగా పోగొట్టే ఎంజైమ్ క్లీనర్ పెట్ షాపుల్లో దొరుకుతుంది, అది వాడండి.

హోస్ట్: రాత్రిపూట నీళ్లు పెట్టడం మానేస్తే?

డాక్టర్: మన ఎండాకాలంలోనా! పడుకునే ముందు కాస్త తగ్గించండి చాలు, మధ్యలో ఒకసారి అలారం పెట్టుకుని లేవండి. ఇన్ని చేసినా ఊరికే చుక్కలు చుక్కలుగా పోస్తుంటే, ఏడుస్తూ పోస్తుంటే మాత్రం ట్రైనింగ్ పక్కనపెట్టి యూరిన్ టెస్ట్ చేయించండి, ఇన్ఫెక్షన్ ఉండొచ్చు.