గాలి దాదాపు నిలిచిపోయే చోటు

యాంకర్: నమస్తే అండీ, గుంటూరు నుంచి మాట్లాడుతున్నాం. సీజన్లో మిర్చి యార్డు గేటు దాటితే చాలు, దగ్గు అందుకుంటుంది. ఆ ఘాటు ఊపిరితిత్తుల్లో ఎంత లోపలికి పోతుంది డాక్టర్ గారూ?

డాక్టర్: చాలావరకు దారిలోనే చిక్కుకుంటుందమ్మా. పెద్ద రేణువులు ముక్కులో ఆగుతాయి. తర్వాతవి శ్వాసనాళాల గోడల మీది జిగురుకు అంటుకుంటాయి. ఆ గోడల మీద సన్న వెంట్రుకల్లా ఊగే శైలికలు ఆ జిగురును గొంతు దాకా నెట్టుకొస్తే మనకు తెలియకుండానే మింగేస్తాం. మరీ సన్న ధూళి మాత్రం వాయుగోణుల దాకా, అంటే గొట్టాల చివరుండే బుల్లి గాలి సంచుల దాకా పోతుంది. అక్కడ శైలికలుండవు. అందుకే యార్డులో తొడిమలు తీసే ఆడవాళ్లను, హమాలీలను మాస్కు పెట్టుకోమని పోరుతుంటాను. ఎండలో వాళ్లు తీసేస్తారనుకోండి, అది వేరే సంగతి.

యాంకర్: ఆక్సిజన్ రక్తంలోకి వెళ్లేది ఆ వాయుగోణుల్లోనే కదా? గొట్టాల్లో ఏమీ జరగదా?

డాక్టర్: గాలి వెచ్చబడుతుంది, తడి పట్టుకుంటుంది, అంతే. వాయునాళం రెండుగా చీలుతుంది, ఒక్కోటీ మళ్లీ రెండు. అలా సుమారు 23 సార్లు. మొదటి 16 చీలికలూ వట్టి దారే.

యాంకర్: మన బ్యారేజీ దగ్గర కృష్ణ నీళ్లలాగ. పెద్ద కాలువ, పంట కాలువ, బోదె, చివరికి మడి.

డాక్టర్: బాగా చెప్పావు. కానీ మడికి పారిన నీళ్లు మళ్లీ అదే కాలువలో వెనక్కి రావు. ఊపిరి వస్తుంది. ఒక్కసారి పీల్చే అర లీటరులో దాదాపు 150 మిల్లీలీటర్లు గొట్టాల్లోనే ఉండి, వాడకుండానే బయటికి పోతాయి. పక్షులకు నయం, వాటి ఊపిరితిత్తుల్లో గాలి ఒకే దిక్కున సాగుతుంది. మనకూ ఆవుకూ గబ్బిలానికీ మాత్రం వచ్చిన దారినే వెనక్కి పోయే తంతు.

యాంకర్: అంత వృథా అయినా ఎలా సరిపోతోందండీ?

డాక్టర్: చివర్లో ఉన్న విశాలం వల్ల. గొట్టాలు సన్నబడేకొద్దీ వాటి లెక్క అంతకు మించి పెరుగుతుంది. దాంతో గాలి వేగం పడిపోయి చివరికి దాదాపు నిలిచిపోతుంది. అక్కడి నుంచి ఆక్సిజన్ తనంతట తానే వ్యాపిస్తుంది. వాయుగోణులు 30 నుంచి 50 కోట్లు. పరిచి చూస్తే 70 చదరపు మీటర్లకు పైమాటే. గాలికీ రక్తానికీ మధ్య గోడ చాలాచోట్ల అర మైక్రాన్, అంటే మిల్లీమీటరులో రెండువేలో వంతు. ఎర్ర రక్తకణం అక్కడుండేది ముప్పావు సెకను. అందులో మూడో వంతు గడిచేసరికే దానికి కావలసిన ఆక్సిజన్ ఎక్కేస్తుంది. పరుగెత్తినప్పుడు రక్తం ఎంత తొందరపడినా ఇబ్బంది లేనిది అందుకే.

యాంకర్: లోపలంతా తడే కదా, ఆ సంచులు అతుక్కుపోవా?

డాక్టర్: సర్ఫాక్టెంట్ అనే పదార్థం పొరలా ఉండి అతుక్కోనివ్వదు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో అది చాలదు. అప్పుడు గొట్టం ద్వారా మందుగా వేస్తాం.

యాంకర్: ఒక శ్రోత అడిగారు. పిల్లాడికి పల్లీ పొలమారింది, కాసేపు దగ్గి ఊరుకున్నాడట. ఫర్వాలేదా?

డాక్టర్: ఫర్వాలేదని వదిలేయకూడదమ్మా. కుడి శ్వాసనాళం ఎడమదానికంటే వెడల్పు, నిటారు. గింజ తరచూ అటే జారుతుంది. ఎక్స్‌రేలో పల్లీ కనిపించదు. దగ్గు తగ్గినా, ఒక పక్కే పిల్లికూతలు వినిపిస్తుంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లమనండి.