తాతముత్తాతలు, చాయ్ బిల్లు, మిర్చి బస్తాలు: పవర్లు, బాడ్‌మాస్, ఆల్జీబ్రా ఒక్క వీడియోల

నమస్తే అందరికి, హన్మకొండకెళ్లి మాట్లాడుతున్న. ఇయ్యాల పవర్లు, బాడ్‌మాస్ (అంటే లెక్కల ఏది ముందు చెయ్యాల్నో చెప్పే వరుస), ఎక్స్ కనుక్కునుడు, ఈ మూడు ఒక్క వీడియోలనే చేసేద్దాం, ఎందుకంటే పుస్తకంల మూడు చాప్టర్లు చేసిండ్రు గని నిజానికి ఒకదాంట్లకెళ్లి ఒకటి వచ్చినయే. పెన్ను, కాయితం పట్టుకోండ్రి. ఊకె సూస్తే అల్కగనే అనిపిస్తది, తెల్లారి మీరే చేద్దామంటే చెయ్యి ఆడది.

బోర్డు సూడుండ్రి. 2 రాసిన, దాని నెత్తి మీద చిన్నగ 3 రాసిన. 2 పవర్ 3. తెలుగు మీడియమోళ్లకైతే కింద ఉన్న 2 భూమి, మీదున్న 3 ఘాతాంకం. దీనికి 6 అని రాసేటోళ్లు నా ట్యూషన్ల ప్రతి ఏడు ఉంటరు. 2×3 కాదు, 2×2×2, అంటే 8. మీదున్న అంకె 2ను ఎన్నిసార్లు వేసి గుణించాల్నో చెప్తది, గంతే.

ఇది మతిల ఉండాల్నంటే మీ ఇంటోళ్లను లెక్కవెట్టుండ్రి. మీకు అమ్మ, బాపు ఇద్దరు. వాళ్లిద్దరికి మళ్ల ఇద్దరిద్దరు, నలుగురు. ఆ మీది తరం 8 మంది, దాని మీద 16. తరం ఎక్కినప్పుడల్లా 2తోని గుణించుడే. మరి 2 పవర్ 0 ఎంత? సున్నా అంటరు చానామంది. అరె, ఒక్క తరం కూడ ఎక్కకపోతే అక్కడ ఎవలున్నరు, మీరే కదా, ఒక్కరు. అందుకే 1.

ఒకసారి ఖిలా వరంగల్‌ల ఆ రాతి తోరణాల కాడ కూసొని ఈ లెక్కనే ఇంక మీదికి గుంజిన. కాకతీయుల రాజ్యం పోయింది 1323ల. అక్కడికెళ్లి 700 ఏండ్లు దాటింది, తరానికి 25 ఏండ్లు వేసుకుంటే 28 తరాలు. అంటే 2 పవర్ 28. దీన్ని ఒక్కొక్కటి గుణించుకుంట కూసోవద్దు, ముందుగాల 10 తరాలు ఎక్కుండ్రి, 1024. మళ్లో 10 ఎక్కుండ్రి, ఇంకో 1024. మిగిలినయి 8 తరాలు, 256. మూడింటిని గుణిస్తే 26 కోట్ల 84 లక్షల 35 వేల 456. తరాలను కలిపినం, 10, 10, 8 కలిస్తే 28, మనుషులనేమో గుణించినం, భూమి ఒక్కటే అయితే గుణించేటప్పుడు పవర్లు కలుపుడు అనే సూత్రం ఇదే.

కని ఆగుండ్రి, 2011 జనాభా లెక్కలల్ల తెలంగాణ మొత్తమే మూడున్నర కోట్లు, ప్రతాపరుద్రుని కాలంల మీ ఒక్కరి తాతముత్తాతలే 26 కోట్లు యాడికెళ్లి వస్తరు? లెక్క తప్పు కాదు. ఒక్క మనిషే మీ వంశవృక్షంల పది దిక్కుల వస్తడు, మేనరికాలు చేసుకునే ఇండ్లల్ల అయితే ఇంకా జల్దీ వస్తడు, మేనబావను చేసుకుంటే ఇద్దరికీ ఒక జంట తాత, అమ్మమ్మలు ఒక్కళ్లే కదా.

ఇగ బాడ్‌మాస్. మొన్న ఒక హోటల్ల ఒక చాయ్, నాలుగు ప్లేట్ల బజ్జీలు తీసుకున్నం. చాయ్ 10, బజ్జీ ప్లేటు 30. గల్లా కాడ పిలగాడు చిన్న క్యాలిక్యులేటర్ మీద 10, ప్లస్, 30, ఇంటూ, 4 అని టకటక కొట్టి 160 అన్నడు. నా ఫోన్ల అవే బటన్లు అదే వరుసల కొడితే 130. పాపం ఆ పిలగాడు రెండు దిక్కుల సూస్తడు. ఆ చిన్న మిషన్ ఏది ముందు కొడితే అది ముందు చేసేస్తది, 10కి 30 కలిపి 40, దాన్ని 4తోని గుణించి 160, అంటే చాయ్‌కి కూడ నాలుగుసార్లు పైసలు తీసుకుంది.

గుణకారం ఎందుకు ముందంటే, 30×4 అనేది నాలుగు ముప్పైలను కట్టిన మూట. మూట విప్పకుంట దాన్ని వేరేదాంట్ల కలుపలేం. పవర్ ఏమో గుణకారాలను కట్టిన మూట, ఇంకా గట్టి ముడి, అందుకే అది గుణకారం కన్నా ముందు. బ్రాకెట్ అయితే మనమే చేతులతోని కట్టింది, అన్నిటికన్నా ముందు విప్పుతం. ఒక్కటి మాత్రం సూసుకోండ్రి, బాడ్‌మాస్‌ల డి ముందున్నదని భాగహారమే ముందు అనుకోవద్దు, రెండిటిది ఒక్కటే స్థాయి, ఎడమకెళ్లి ఏది ముందొస్తే అది. 24÷4×2 అంటే 12, 3 కాదు. కూడిక, తీసివేత గట్లనే, 10−4+3 అంటే 9.

ఆల్జీబ్రాకు వద్దాం. చిన్నప్పుడు మా బాపుతోని మిర్చి అమ్మనీకి పోయిన, కాంటా అయినంక చిట్టీల 5 బస్తాలు, తరుగు 1 కిలో అని రాసిండ్రు. బస్తాకు ఒక కిలోనా, మొత్తానికి ఒక కిలోనా? బస్తా బరువు ఎక్స్ అనుకోండ్రి. మొత్తానికైతే 5ఎక్స్ − 1. బస్తాకొకటైతే 5(ఎక్స్ − 1), విప్పితే 5ఎక్స్ − 5. మధ్యల ఒక్క బ్రాకెట్, 4 కిలోల మిర్చి పోయింది. బాపుకు ఎక్స్ తెల్వది గని 4 కిలోలు ఎక్కువ పోయినయని మాత్రం ఇంటిదాకా తిట్టుకుంటనే వచ్చిండు.

ఇప్పుడు ఎనుకకు పోదాం. 5(ఎక్స్ − 1) = 195, ఎక్స్ ఎంత? బరువుకు ఏమేం చేసిండ్రో వరుస చెప్పుండ్రి. ముందు 1 తీసిండ్రు, తర్వాత 5తోని గుణించిండ్రు. ఆఖరుకు కట్టిన ముడిని ముందు విప్పాలె. రెండు దిక్కుల 5తోని భాగిస్తే ఎక్స్ − 1 = 39. తీసిన 1ని మళ్ల కలిపితే 40. తిరిగి వేసి సూడుండ్రి, 40ల ఒకటి తీస్తే 39, అయిదు ముప్పైతొమ్మిదులు 195. సరిపోయింది.

అటు పోతే ప్లస్ మైనస్ అయితదని బట్టీ కొట్టినోళ్లు ఉంటరు, ఏదీ అటు పోదు బై, త్రాసుల రెండు దిక్కుల సమానంగ తీస్తున్నం అంతే.

ఒక్కటి మీకు ఇడుస్తున్న. 2 × 3 పవర్ 2 + ఎక్స్ = 25. వీడియో ఆపి చెయ్యుండ్రి. ఎక్స్ 7 రావాలె. మైనస్ 11 వచ్చినోళ్లు 2ను, 3ను ముందే గుణించి 6 చేసి దానికి పవర్ వేసిండ్రు, మళ్ల ఆ చాయ్ బిల్లు కాడికి పోయి సూడుండ్రి.