ఐదు రోజులు, నాలుగు ఇన్నింగ్స్‌లు, వదిలేసిన బంతులు

చెల్లెలు: శ్రోతలందరికీ నమస్కారం. టెస్టు మ్యాచ్ మొదటి ఉదయం నుంచి ఐదో రోజు చివరి గంట వరకు బ్యాటింగ్ ఎలా మారుతూ పోతుందో ఈసారి వరుసగా చెప్పుకుందామని అనుకున్నాం. అన్నయ్యా, బ్యాటర్లు వదిలేసిన బంతుల లెక్క రాసుకునే నీ నోటుపుస్తకాన్ని మాత్రం ఐదో రోజు వచ్చేవరకు తెరవకూడదు. పదిహేడో ఎపిసోడ్‌లో నువ్విచ్చిన మాట అందరికీ గుర్తుంది.

అన్నయ్య: నాకూ గుర్తుంది. అయితే మొదటి ఉదయం సంగతి చెబుతూ బంతిని వదిలేయడం గురించి, అంటే బ్యాట్ తాకించకుండా పోనివ్వడం గురించి చెప్పకుండా ఎలా ఉండగలను తల్లీ? పిచ్‌లో తేమ ఉంటుంది, పైన కొంత పచ్చిక ఉంటుంది, కొత్త బంతి మీద కుట్టు ఎత్తుగా నిలిచి ఉంటుంది. అప్పుడు ఓపెనర్‌కు ముందుగా తెలియవలసింది తన ఆఫ్ స్టంప్ ఎక్కడుందన్నదే. 2002లో ఇంగ్లండ్‌లోని హెడింగ్లీలో మబ్బు కమ్మిన ఉదయాన గంగూలీ టాస్ గెలిచి బ్యాటింగ్ ఎంచుకున్నాడు. సెహ్వాగ్ తొందరగా అవుటయ్యాక సంజయ్ బంగర్, ద్రవిడ్ కలిసి 170 పరుగులు జోడించారు. బంగర్ చేసింది 68 పరుగులే. కానీ తరువాత సచిన్ చేసిన 193కు, గంగూలీ చేసిన 128కు నేలను చదును చేసింది ఆ 68 పరుగులే, ఆ ఉదయం అతను వదిలేసిన బంతులే. భారత్ 628 పరుగులకు డిక్లేర్ చేసి ఇన్నింగ్స్ 46 పరుగుల తేడాతో గెలిచింది.

చెల్లెలు: ద్రవిడ్ 148 చేశాడు, ఆ సంగతి మరచిపోతున్నావు.

అన్నయ్య: ద్రవిడ్‌ను ఎవరూ మరచిపోరు. బంగర్‌నే మరచిపోతారు, అందుకే ముందుగా అతని పేరు చెప్పాను.

చెల్లెలు: సరే, రెండో రోజుకు వెళదాం. తేమ ఆరిపోతుంది, పగుళ్లు ఇంకా విచ్చుకోవు, బంతి మెత్తబడుతుంది, కాబట్టి రెండో రోజు మధ్యాహ్నం నుంచి మూడో రోజు వరకు బ్యాటింగ్‌కు అనువైన కాలమని అందరూ చెబుతారు. ఈ మాటనే నేను నమ్మను. 2020లో ఆస్ట్రేలియాతో అడిలైడ్‌లో మనవాళ్లు 36 పరుగులకు ఆగిపోయింది మూడో రోజునే. అది గులాబీ బంతితో ఆడిన డే-నైట్ మ్యాచ్ అన్న మాట నిజమే. అయినా ఆ ఇన్నింగ్స్ మొత్తం 21.2 ఓవర్లలో ముగిసింది. మూడు వారాలు గడిచాక అదే సిరీస్‌లో సిడ్నీలో నాలుగో ఇన్నింగ్స్‌లో మనవాళ్లు ఐదో రోజు సాయంత్రం వరకు 131 ఓవర్లు నిలబడ్డారు. రోజును బట్టి బ్యాటింగ్ కష్టసుఖాలు నిర్ణయమవుతాయంటే ఈ రెండింటినీ ఎలా అర్థం చేసుకోవాలి?

అన్నయ్య: సిడ్నీ మాట నువ్వే ఎత్తావు కాబట్టి ఇక నోటుపుస్తకం తెరవవచ్చు.

చెల్లెలు: తెరువు. అయితే ముందు నా అభ్యంతరం విను. మొదటి రోజు నువ్వు మెచ్చుకునే ఆ వదిలేయడమే ఐదో రోజున బ్యాటర్‌ను ముంచుతుంది. బంతిని రెండు రకాలుగా వదులుతారు. లైన్ చూసి వదిలేవాడు బంతి స్టంప్‌లకు దూరంగా పోతుందని నమ్ముతాడు. లెంగ్త్ చూసి వదిలేవాడు బంతి స్టంప్‌ల మీదుగా లేచిపోతుందని నమ్ముతాడు. ఈ రెండో నమ్మకం బౌన్స్ సమంగా ఉన్నంత వరకే నిలుస్తుంది. ఐదో రోజు ఒక బంతి మోకాలి ఎత్తుకు కూడా లేవదు, అదే చోట పడిన మరో బంతి గ్లవ్స్‌కు తగులుతుంది. అప్పుడు లెంగ్త్ చూసి వదిలినవాడు బౌల్డో, ఎల్బీడబ్ల్యూనో కావలసిందే.

అన్నయ్య: పేస్ బౌలింగ్ వరకు ఒప్పుకుంటాను.

చెల్లెలు: స్పిన్‌లో ఇంకా కష్టం. కుడిచేతి పేసర్లు ఓవర్ ద వికెట్ నుంచి, అంటే బంతి వేసే చేయి స్టంప్‌ల పక్కన ఉండేలా వచ్చి, బంతి వేసి ముందుకు సాగినప్పుడు వాళ్ల బూట్లు తవ్విన గరుకు నేల అవతలి వైపు నుంచి బౌల్ చేసే ఆఫ్ స్పిన్నర్‌కు ఎడమచేతి బ్యాటర్ ఆఫ్ స్టంప్ బయట సిద్ధంగా దొరుకుతుంది. అక్కడ పడిన బంతి ఒకటి గిర్రున తిరుగుతుంది, ఇంకొకటి తిరగకుండా నేరుగా వస్తుంది. దేన్ని వదలాలో బ్యాటర్‌కు తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

అన్నయ్య: మరి విహారి, అశ్విన్ ఏం చేశారు? 407 పరుగుల లక్ష్యం. పంత్ 97 చేసి, పుజారా 77 చేసి వెనుదిరిగారు. విహారికి తొడ కండరం పట్టేసింది, పరుగెత్తలేడు. అశ్విన్‌కు నడుము నొప్పి, ముందుకు వంగలేడు. బొటనవేలు దెబ్బతిన్న జడేజా ప్యాడ్లు కట్టుకుని లోపల కూర్చున్నాడు. ఆ స్థితిలో విహారి 161 బంతులకు 23, అశ్విన్ 128 బంతులకు 39 పరుగులు చేసి, ఇద్దరూ అవుట్ కాకుండా 40 ఓవర్లకు పైగా గడిపి మ్యాచ్‌ను డ్రా చేశారు. నా పుస్తకంలో ఆ సాయంత్రానికి నాలుగు పుటలు ఉన్నాయి.

చెల్లెలు: ఆ పుటల్లో వదిలేసిన బంతుల కంటే ఆపిన బంతులే ఎక్కువగా ఉండాలి. విహారి కాలు చాచలేడు కనుక స్పిన్‌కు అందుకోలేడు, అశ్విన్‌కు పేస్ కష్టం. అందుకే వీలైనంత వరకు స్పిన్నర్ లయన్‌ను అశ్విన్, పేసర్లను విహారి ఎదుర్కొనేలా వాళ్లు పని పంచుకున్నారు. పరుగు తీస్తే ఎండ్‌లు మారిపోతాయి కనుక సింగిల్ వచ్చే చోట కూడా పరుగెత్తకుండా నిలబడ్డారు. టెస్టు క్రికెట్‌లో తప్ప మరెక్కడా ఒక్క పరుగు నష్టంగా మారదు. ఆ విషయం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది.

అన్నయ్య: పరుగు వద్దనుకోవడం కూడా వదిలేయడమే కదా తల్లీ.

చెల్లెలు: ఆ మాట అంగీకరిస్తాను, కానీ పుస్తకంలో కొత్త గడి గీయవద్దు.

అన్నయ్య: గీశాను. దాని పక్కనే బ్రిస్బేన్ కూడా రాసుకున్నాను. ఆ తరువాతి టెస్టులోనే, ఐదో రోజున, పుజారా 211 బంతుల్లో 56 పరుగులు చేశాడు. పగుళ్ల మీద పడి లేస్తున్న బంతికి గ్లవ్స్ అడ్డుపెడితే క్యాచ్ లేస్తుందని, చేతులు కిందికి దించి బంతిని ఒంటి మీదకు రానిచ్చాడు. హెల్మెట్‌కు, పక్కటెముకలకు, వేళ్లకు దెబ్బలు తగిలాయి. అతను బంతిని వదిలాడా, ఆడాడా? ఆ బంతులను ఏ గడిలో రాయాలో నాకు ఇంతవరకు తేలలేదు.

చెల్లెలు: ఏ గడిలోనూ రాయవద్దు. అతను అవుటయింది ఎప్పుడో చూశావా? రెండో కొత్త బంతి తీసుకున్న వెంటనే పేసర్ కమిన్స్ చేతిలో ఎల్బీడబ్ల్యూ అయ్యాడు. నేను ప్రతిసారీ చెప్పే లెక్క ఇదే. రోజుకు 90 ఓవర్లు, కొత్త బంతి 80 ఓవర్ల తరువాత. పొద్దుటి నుంచి ఆడి అలసిన బ్యాటర్‌కు, వెలుగు తగ్గుతున్న ఆఖరి 10 ఓవర్లలో, ఉదయం ఎదుర్కొన్న కష్టమే మళ్లీ ఎదురవుతుంది. ఇన్నింగ్స్ దశను నిర్ణయించేది క్యాలెండర్ కాదు, బంతి వయస్సు.

అన్నయ్య: బ్యాటర్ కాళ్ల వయస్సు కూడా. ఒకటిన్నర రోజులు ఫీల్డింగ్ చేసిన ఓపెనర్‌కు ఇన్నింగ్స్‌ల మధ్య దొరికేది 10 నిమిషాలు. అవతలి బౌలర్లు ఆ పాటికి ఎంతోసేపు విశ్రాంతి తీసుకుని ఉంటారు. అలా రోజు చివర మిగిలిన ఎనిమిది ఓవర్లలో 5 పరుగులు చేసి నాటౌట్‌గా వచ్చినవాడికి చప్పట్లు కొట్టేవారు తక్కువ.

చెల్లెలు: మూడో ఇన్నింగ్స్ గురించి ఒక్క మాట చెప్పి ముందుకు వెళదాం. ఆధిక్యం ఎంత ఉంటే చాలునో ఎవరికీ తెలియని ఇన్నింగ్స్ అది. 2001లో ఈడెన్‌లో ఫాలో ఆన్, అంటే మొదటి ఇన్నింగ్స్‌లో బాగా వెనుకబడి వెంటనే రెండోసారి బ్యాటింగ్, ఆడుతూ లక్ష్మణ్, ద్రవిడ్ నాలుగో రోజంతా వికెట్ పడకుండా ఆడినప్పుడు వాళ్ల ముందు లక్ష్యమన్నదే లేదు, ఆడుతూ పోవడమే ఉంది. 281, 180. ఆ కథ మన శ్రోతలకు కంఠస్థం.

అన్నయ్య: పిచ్‌ను చదును చేసే రోలర్ సంగతి చెప్పలేదు. రోజు ఆట మొదలయ్యే ముందు 7 నిమిషాలకు మించకుండా...

చెల్లెలు: రోలర్‌కు వేరే ఎపిసోడ్ పెడదాం. నాలుగో ఇన్నింగ్స్ మిగిలింది. 2019లో హెడింగ్లీలో ఇంగ్లండ్ రెండో రోజున 67కే ఆలౌట్ అయింది. అదే మ్యాచ్ నాలుగో ఇన్నింగ్స్‌లో 9 వికెట్లకు 362 చేసి గెలిచింది. ఆ మ్యాచ్ గెలిపించిన స్టోక్స్ మొదటి 50 బంతుల్లో చేసింది 2 పరుగులు. చివరి బ్యాటర్ లీచ్ చేసిన ఒకే ఒక్క పరుగుకు 17 బంతులు పట్టాయి.

అన్నయ్య: గెలిచిన ఇన్నింగ్స్‌లు తలచుకోవడం సులభం. నాకు పాకిస్తాన్‌తో ఆడిన 1999 చెన్నై టెస్టు గుర్తొస్తుంది. లక్ష్యం 271, 82కు 5 వికెట్లు. సచిన్ 136. నడుము నొప్పితో వంగలేకపోతున్నాడు. 17 పరుగులు మిగిలి ఉండగా స్పిన్నర్ సక్లయిన్ బంతిని గాలిలోకి కొట్టి అవుటయ్యాడు. మిగిలిన మూడు వికెట్లు 4 పరుగులకే పోయాయి. 12 పరుగుల తేడాతో ఓడిపోయాం.

చెల్లెలు: ఆ బంతిని వదిలేయవలసిందని మాత్రం అనవద్దు.

అన్నయ్య: అనను. ఆ బంతి నా పుస్తకంలో లేదు.

చెల్లెలు: నడుము అలా ఉన్నప్పుడు ఒక్కో పరుగు కోసం పరుగెత్తడం కంటే త్వరగా ముగించడమే మేలని అతనికి తోచి ఉంటుంది. నేనైనా అదే చేసేదాన్ని.

అన్నయ్య: నేను మాత్రం ఆ ఓవర్‌ను ఆపుకుని తరువాతి ఓవర్ కోసం చూసేవాడిని.

చెల్లెలు: తరువాతి ఓవర్‌కు నడుము సహకరిస్తుందని ఎలా అనుకున్నావు?

అన్నయ్య: అనుకోలేదు. కానీ అవతల మోంగియా అప్పటికే అవుటయ్యాడు. తరువాత రావలసినవాళ్లు బౌలర్లేనని సచిన్‌కు తెలుసు.

చెల్లెలు: తెలుసు కాబట్టే కొట్టాడు.

అన్నయ్య: తెలుసు కాబట్టే ఆగవలసింది. దీని మీద మనం పోయిన ఏడాది కూడా...

చెల్లెలు: అవును, ఆ రోజూ ఇక్కడే ఆపేశాం.